నీటి లెక్కకు రెండవ సాక్షి

(ఢిల్లీ జియా సరాయ్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి సమావేశానికి నిర్ణయించిన విషయం చూసి మీలో కొందరు ఆశ్చర్యపడి వుంటారు. వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ - ఇవి యూనియను మాట్లాడే విషయాలు. నదీ పరీవాహక ప్రాంతాలలోని నీటి నిల్వలను ఉపగ్రహాల సహాయంతో కొలవడం శాస్త్రవేత్తలు మాట్లాడుకునే విషయం. దీనిని కార్మిక సంఘం ఎందుకు చేపట్టాలి? ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పి, ఆ తరువాత విషయంలోకి వెళ్తాము.

2016 ఏప్రిల్ 12న మహారాష్ట్రలోని లాతూరు పట్టణానికి ఒక రైలు చేరినది. అది ప్రయాణికుల రైలు కాదు, బొగ్గు రైలు కాదు. మిరజ్ నుండి పది ట్యాంకు వ్యాగన్లలో అయిదు లక్షల లీటర్ల తాగునీరు తెచ్చిన రైలు. తరువాత వ్యాగన్ల సంఖ్య పెరిగినది, ఆగస్టు వరకు ఆ నీటి రైళ్ళు నడిచినవి. మిరజ్ కృష్ణా పరీవాహకంలో వున్నది. లాతూరుకు నీరిచ్చే మాంజ్రా గోదావరికి ఉపనది. అనగా గోదావరి పరీవాహకంలోని పట్టణానికి కృష్ణా పరీవాహకపు నీటిని ఇనుప పట్టాల మీద మన కార్మికులు మోశారు. 2019 జులైలో జోలార్‌పేట నుండి చెన్నై నగరానికి 50 వ్యాగన్లలో, ఒక్కొక్క రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున, మళ్ళీ మనవారే మోశారు.

నది చేయవలసిన పనిని రైలు చేయవలసి వచ్చినదంటే, అంతకు ముందు ఎక్కడో ఒక లెక్క తప్పినదన్న మాట. నిల్వ ఎప్పుడు తరిగినది, ఎంత తరిగినది, ఎవరు వాడుకొన్నారు అన్నది సకాలంలో తెలిసి, తెలిసినది ప్రజల ముందు పెట్టి వుంటే ఆ రైలు అవసరం రాకపోవచ్చును.

తపాలా సోదరుల అనుభవం దీనికి తీసిపోదు. పల్లెలో బావులు ఎండినప్పుడు ఆ సంగతి జిల్లా కచేరీకి చేరక ముందే బట్వాడాకు వెళ్ళిన మనిషికి తెలుస్తుంది. ఉత్తరం మీద చిరునామా వుంటుంది, ఇంటికి తాళం వుంటుంది. కావున నీటి లెక్క మన వృత్తికి వెలుపలి విషయం కాదు. లెక్క తప్పినప్పుడు ఆ భారం మోసేవారిలో మనమూ వున్నాము.

ఈ సరాయ్‌లో నీరు

మనం ఇప్పుడు కూర్చున్న చోటునే చూడండి. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఈ దక్షిణ ఢిల్లీలో జియా సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్ అని వరుసగా సరాయ్‌లు వున్నవి. నేడు ఇక్కడ దిగే బాటసారులు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు. వారిలో మన తెలుగు పిల్లలు కూడా వున్నారు. గోడకు అవతల ఐ.ఐ.టి. వున్నది. కొంచెం దూరాన హౌజ్ ఖాస్ చెరువు. అలాఉద్దీన్ ఖిల్జీ తవ్వించగా, పూడిపోయిన దానిని ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించిన చెరువు అది. ఆనాటి పాలకునికి నీటి నిల్వ కంటికి కనిపించేది. చెరువు గట్టున నిలబడి ఎన్ని మెట్లు మునిగినవో లెక్కపెడితే సరిపోయేది.

నేటి ఢిల్లీ నీరు అలా కంటికి కనిపించదు. యమున నుండి కొంత, ఎగువ గంగా కాలువ నుండి కొంత, భాక్రా-బియాస్ వ్యవస్థ నుండి హర్యానా మీదుగా కొంత, నేలలోనుండి తోడుకొన్నది కొంత. మూడు నాలుగు రాష్ట్రాల నిల్వలు కలిసి ఈ నగరపు కుళాయిలో పడుతున్నవి. ఎవరి నిల్వ ఎంతో ఒకరి మాటను ఒకరు నమ్మని స్థితి కూడా అందులోనే వున్నది.

2024 వేసవిలో ఇది బట్టబయలైనది. ఢిల్లీ నీటికి కటకటలాడుతుండగా, హిమాచల్ ప్రదేశ్ వద్ద మిగులుగా వున్నట్లు చెప్పబడిన 137 క్యూసెక్కుల నీటిని విడుదల చేయవలసిందిగా జూన్ 6న సుప్రీంకోర్టు ఆదేశించినది. వారం తిరిగేసరికి ఆ రాష్ట్రమే తమ వద్ద మిగులు నీరు లేదని కోర్టుకు చెప్పుకొన్నది. వ్యవహారం ఎగువ యమునా నదీ బోర్డుకు పోయినది. మనం గమనించవలసినది ఏ రాష్ట్రానిది తప్పన్నది కాదు. దేశ రాజధానికి తాగునీటి విషయంలో, అత్యున్నత న్యాయస్థానం ఎదుట, ఆ నీరు వున్నదా లేదా అన్న మొదటి ప్రశ్నకే నిలకడైన జవాబు దొరకలేదు. అది గమనించాలి.

వంతెన మీది కొలబద్ద

నీటిని కొలిచే పనిలో మన పాత్ర పాతది. ఢిల్లీలో యమున ఎంత పొంగినదో చెప్పాలంటే ఈనాటికీ పాత రైలు వంతెన దగ్గరి మట్టమే చెబుతారు. అక్కడ ప్రమాద స్థాయి 205.33 మీటర్లు. 1978 వరదలో 207.49 మీటర్లు. 2023 జులై 13న 208.66 మీటర్లకు చేరి పాత రికార్డును దాటినది. ఈ నగరంలో లక్షలమంది ఇల్లు విడవాలా వద్దా అన్న నిర్ణయం 1860లలో నిర్మించిన ఒక రైలు వంతెన దగ్గరి గీతను చూసి జరుగుతున్నది. అలాగే వర్షపాతం, నదీమట్టం వార్తలు ఒకప్పుడు తంతి మార్గాన పోయేవి. 2013 జులైలో ముగిసిన ఆ సేవలో పనిచేసినవారు మన సభలలో నేటికీ వున్నారు.

కాని ఈ కొలబద్దకు ఒక పరిమితి వున్నది. అది నదిలో పారే నీటిని చెబుతుంది. పరీవాహకం యావత్తులో నిలువ వున్న నీటిని చెప్పదు. జలాశయాలలో నీరు, చెరువులలో నీరు, మట్టిలో తేమ, కొండలమీది మంచు, రాతిపొరల మధ్య, ఇసుకపొరల మధ్య వున్న భూగర్భజలం - ఇవన్నీ కలిస్తే నిల్వ. బ్యాంకు పాసు పుస్తకంలో ఈ నెల జమ మాత్రమే చూసి, నిల్వ చూడకుండా ఖర్చు పెట్టేవాని గతి ఏమవుతుందో మనకు తెలుసు. చాలాకాలం దేశం నీటి విషయంలో ఆ విధంగానే నడిచినది.

ఆకాశం నుండి మూడు కొలతలు

ఉపగ్రహాలు ఈ నిల్వను మూడు రకాలుగా పట్టుకొంటున్నవి.

మొదటిది వైశాల్యం. జలాశయంలో నీరు ఎంతమేర పరచుకొని వున్నదో చిత్రం తీస్తారు. ఏ మట్టంలో ఎంత వైశాల్యం వున్నదో తెలిస్తే రెండు మట్టాల మధ్య ఎంత నీరు పడుతుందో లెక్కగట్టవచ్చును. 1988 మార్చి 17న మన తొలి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ కక్ష్యలోకి వెళ్ళినది. అటువంటి చిత్రాలను అందుకొని విశ్లేషించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన హైదరాబాదులోనే వున్నది.

రెండవది ఎత్తు. ఉపగ్రహం నుండి రాడార్ తరంగాన్ని నీటి ఉపరితలం మీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి నీటిమట్టం కనుగొంటారు. 2022 డిసెంబరు 16న అమెరికా, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థలు కలిసి పంపిన 'స్వాట్' ఉపగ్రహం నదులు, సరస్సుల మట్టాన్ని ఒక గీతగా కాక వెడల్పైన పట్టీగా చూడగలుగుతున్నది.

మూడవది బరువు. మనం ప్రధానంగా మాట్లాడవలసినది దీనిని గురించే. ఎందుకంటే నేలలోపలి నీటిని ఏ కెమెరా చూడలేదు, ఏ రాడార్ తరంగమూ తాకలేదు. కాని నీటికి బరువు వున్నది. బరువు వున్నచోట ఆకర్షణ వున్నది.

2002 మార్చి 17న అమెరికా, జర్మనీ కలిసి 'గ్రేస్' అనే పేరుతో ఒకేరకం ఉపగ్రహాలు రెండింటిని పంపినవి. ఒకదాని వెనుక ఒకటి, మధ్య సుమారు 220 కిలోమీటర్ల దూరంతో, ఒకే దారిలో భూమి చుట్టూ తిరిగినవి. రైల్వే సోదరులకు దీనిని వివరించడం సులభం. ఒకే లైను మీద ఒకదాని వెనుక ఒకటి పోతున్న రెండు ట్రాలీలను వూహించండి. ముందు ట్రాలీకి దిగుడు తగలగానే దాని వేగం హెచ్చుతుంది. వెనుక ట్రాలీ ఇంకా సమతలం మీదనే వున్నది గనుక రెంటి మధ్య దూరం పెరుగుతుంది. వెనుకది కూడా దిగుడులోకి వచ్చి, ముందుది ఎగుడు ఎక్కేసరికి ఆ దూరం మళ్ళీ తగ్గుతుంది. పట్టాల వంక చూడకుండా, ఆ దూరం మార్పును మాత్రమే రాసుకొన్నా లైను ఎక్కడ దిగినది, ఎక్కడ ఎక్కినది చెప్పవచ్చును.

అంతరిక్షంలో పట్టాలు లేవు. అక్కడ దిగుడు అంటే కింద బరువు ఎక్కువగా వున్న ప్రాంతం. వర్షాకాలం ముగిశాక నీటితో బరువెక్కిన పరీవాహకం ముందు ఉపగ్రహాన్ని కొంచెం ఎక్కువ లాగుతుంది. వేసవిలో అదే ప్రాంతం కొంచెం తక్కువ లాగుతుంది. ఈ తేడాను మిల్లీమీటరులో వెయ్యోవంతు స్థాయిలో కొలిచారు. నెలనెలా కొలిచారు. ఏ నెలలో ఎక్కడ బరువు పెరిగినది, ఎక్కడ తరిగినది అని భూగోళమంతటికీ ఒక పటం తయారైనది.

తరువాతి పని తపాలా సోదరులకు తెలిసినదే. మూసిన సంచీని విప్పకుండా తూచి, ఖాళీ సంచీ బరువును తీసివేస్తే లోపలి సరుకు బరువు తేలుతుంది. అలాగే మొత్తం నీటి బరువులోనుండి మట్టితేమను, మంచును, జలాశయాల నీటిని తీసివేస్తే మిగిలినది భూగర్భజలంలో వచ్చిన మార్పు. అయితే ఆ తీసివేయవలసిన బరువులు నేలమీది కొలతలనుండి, వాటి ఆధారంగా కట్టిన అంచనాలనుండి రావలసి వున్నది. ఈ మాటను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

తేలిన లెక్క

ఈ లెక్క 2009లో మన దేశం విషయంలో బయటపడినది. రాజస్థాన్, పంజాబ్, హర్యానా రాష్ట్రాలు ఢిల్లీతో కలిపి 2002 ఆగస్టు నుండి 2008 అక్టోబరు వరకు ఏటా సగటున 17.7 ఘన కిలోమీటర్ల భూగర్భజలాన్ని పోగొట్టుకొన్నవని అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ రోడెల్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ప్రకటించారు. లెక్కలో 4.5 అటూ ఇటూ కావచ్చునని వారే చెప్పారు. ఆరేళ్ళలో మొత్తం పోయినది 109 ఘన కిలోమీటర్లు. ఆ కాలంలో వర్షాలు పెద్దగా తగ్గలేదు. కావున దీనికి కారణం ఆకాశం కాదు, మోటారు. అదే సంవత్సరం హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు చెందిన వి.ఎం. తివారీ, ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలతో కలిసి, ఉత్తర భారతాన్ని, దానికి ఆనుకొని వున్న ప్రాంతాలను మరింత విస్తారంగా తీసుకొని లెక్కించి, ఏటా 54 ఘన కిలోమీటర్ల నష్టం జరుగుతున్నదని చెప్పారు.

ఘన కిలోమీటరు అంటే మనకు వెంటనే తట్టదు. మన లెక్కలోకి మార్చి చూద్దాము. 17.7 ఘన కిలోమీటర్లు అంటే దాదాపు 625 టి.ఎం.సి.లు. నాగార్జునసాగర్ నేటి పూర్తి సామర్థ్యం 312 టి.ఎం.సి.లు. అనగా నిండుగా వున్న నాగార్జునసాగర్లు రెండింటిని, ప్రతి సంవత్సరమూ, ఎవరి కంటా పడకుండా నేలలోనుండి తోడి ఖాళీ చేసినట్లు. ఇంకొక విధంగా చూడండి. చెన్నైకి మనం నడిపిన రైలు 25 లక్షల లీటర్లు తీసుకొని వెళ్ళినది. ఏటా తరిగిపోయిన ఈ నీటిని అటువంటి రైళ్ళలో నింపితే రోజుకు 19,000కు పైగా రైళ్ళు కావాలి. అది కూడా ఒక్క రోజు సెలవు లేకుండా, ఏడాది పొడుగునా. పోగొట్టుకొన్న నిల్వను తరువాత రైళ్ళతో పూరించలేమన్నది ఈ అంకెతో స్పష్టం.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తగా వుండాలి. ఈ అంకె వినగానే పంజాబు రైతును దోషిగా నిలబెట్టేవారు వున్నారు. అది న్యాయం కాదు. దేశానికి ధాన్యం కావలసి వచ్చినప్పుడు వరి పండించమన్నది ప్రభుత్వ విధానం. ఖరీదు చేసినది ప్రభుత్వం, మోటారుకు చౌక కరెంటు ఇచ్చినది ప్రభుత్వం. ఆ బియ్యాన్ని ఉత్తరం నుండి దక్షిణానికి, తూర్పుకు మోసినవి మన గూడ్సు రైళ్ళు. రేషను దుకాణంలో తిన్నది దేశమంతటి శ్రామికులు. బియ్యం రూపంలో మనం ఆ భూగర్భజలాన్నే మోశాము, తిన్నాము. కావున ఆ నష్టం ఒక రాష్ట్రపు రైతులది మాత్రమే కాదు, దానిని సరిచేసే ఖర్చు వారొక్కరిమీదే వేయరాదు. 2009లో పంజాబ్, హర్యానా ప్రభుత్వాలు నిర్ణీత తేదీకి ముందు వరినాట్లు వేయరాదని చట్టాలు చేసినవి. మండు వేసవిలో నీరు తోడకుండా చేయడానికి అది ఒక అడుగు. పంట మార్పుకు గిట్టుబాటు ధర హామీ లేకుండా ఆ అడుగు ముందుకు సాగదు.

ఉపగ్రహం చూడలేనిది

ఇప్పుడు రెండవ వైపు చూద్దాము. ఉపగ్రహం చెప్పినదల్లా వేదవాక్కు అనుకొంటే మరొక ప్రమాదం వున్నది.

గ్రేస్ ఉపగ్రహాల చూపు చాలా విశాలం. సుమారు 300 కిలోమీటర్ల కంటె చిన్న ప్రదేశాన్ని అది విడిగా గుర్తించలేదు. కృష్ణా పరీవాహకం 2 లక్షల 59 వేల చదరపు కిలోమీటర్లు, గోదావరి పరీవాహకం 3 లక్షల 13 వేల చదరపు కిలోమీటర్లు. వాటి లెక్క చెప్పగలదు. ఢిల్లీ మొత్తం 1,483 చదరపు కిలోమీటర్లు. దాని లెక్క విడిగా చెప్పలేదు. ఇక జియా సరాయ్‌లోని బోరు సంగతి చెప్పనే లేదు. ఢిల్లీకి వేరొక రకం కన్ను కావలసి వచ్చినది. నేల కుంగుదలను కొలిచే రాడార్ చిత్రాలతో 2022లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, విమానాశ్రయం సమీపంలోని కాపస్‌హేరా ప్రాంతంలో 2014-16 మధ్య ఏటా 11 సెంటీమీటర్ల వరకు నేల కుంగినది. 2018-19 నాటికి అది ఏటా 17 సెంటీమీటర్లు దాటినది. కింది నీరు తోడివేయగా పొరలు అణగిపోవడమే దీనికి కారణమని వారు చెప్పారు. అదే పరిశోధనలో ద్వారకా ప్రాంతంలో కుంగుదల తగ్గి, నేల తిరిగి స్వల్పంగా లేచినట్లు కూడా కనిపించినది. తోడకం తగ్గించి వాన నీటిని ఇంకించినచోట ఫలితం వుంటుందన్న మాట. 2025 జులై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించిన భారత-అమెరికా ఉమ్మడి ఉపగ్రహం 'నైసార్' ఇటువంటి కుంగుదలను కొలవగలిగినదే.

మన తెలుగు నేల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2017లో గాంధీనగర్ ఐ.ఐ.టి. పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనంలో 2002 నుండి 2013 వరకు ఉత్తర భారతంలో భూగర్భజలం ఏటా 2 సెంటీమీటర్ల చొప్పున తరగగా, దక్షిణ భారతంలో 1 నుండి 2 సెంటీమీటర్ల చొప్పున పెరిగినట్లు తేలినది. ఈ మాటను అనంతపురం రైతు ముందు చెప్పి చూడండి. వరుసగా బోర్లు వేసి, అప్పులపాలైన రైతు నవ్వుతాడు, లేదా ఏడుస్తాడు. ఉపగ్రహం అబద్ధం చెప్పినదా? లేదు. రైతు అబద్ధం చెప్పినాడా? లేదు. ఉత్తరాన గంగా-సింధు మైదానాలలో వందల అడుగుల ఇసుక, వండ్రు పొరలు వున్నవి. ఆ ఖజానా పెద్దది, ఏళ్ళ తరబడి తరుగుతూ పోతుంది. మన దక్కనులో గట్టి రాయి. పైన కొద్ది మందం, కింద కొన్ని పగుళ్ళు. ఆ కుండ చిన్నది. వానకు నిండుతుంది, వేసవికి ఎండుతుంది. నిండిన ఏడాది, ఎండిన ఏడాది కలిపి పరీవాహకం మొత్తానికి సగటు తీస్తే పెరిగినట్లే కనిపించవచ్చును. ఆ సగటు ఏ ఒక్క బావిలోనూ వుండదు.

దీనికి మందు కూడా మన ప్రాంతమే చూపినది. 2000ల దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ఒక పథకం నడిచినది. ఆరు వందలకు పైగా ఆవాసాలలో రైతులే వర్షమాపకం చూసి, బావులలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని వూరి నీటి బడ్జెట్టు వేసుకొన్నారు. వున్న నీరు ఇంత, వేయదలచిన పంటలకు కావలసినది ఇంత, లోటు ఇంత అని వూరి గోడమీద రాసుకొన్నారు. ఫలానా పంట వేయరాదని ఎవరూ శాసించలేదు. లెక్క అందరి ముందు వుండేది, నిర్ణయం రైతుదే. చాలాచోట్ల ఎక్కువ నీరు తాగే పంటలు తగ్గినవి.

రెండు రాష్ట్రాలు, ఒక జలాశయం

ఇక మన సభ్యులు అందరూ సున్నితంగా భావించే విషయం. మన సంఘంలో ఆంధ్రప్రదేశ్ వారు వున్నారు, తెలంగాణ వారు వున్నారు. 2014 తరువాత కూడా ఒకే జెండా కింద పనిచేస్తున్నారు. కాని 2023 నవంబరు ఆఖరున నాగార్జునసాగర్ ఆనకట్టమీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడినప్పుడు, కేంద్ర బలగాలకు కాపలా అప్పగించవలసి వచ్చినప్పుడు, బాధపడనివారు మనలో లేరు.

పంపకం ఎలా జరగాలన్నది ట్రిబ్యునళ్ళు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. మేము ఆ తీర్పు చెప్పబోవడం లేదు. కాని పంపకానికి ముందు పంచుకోవలసినది ఎంతో ఇరువర్గాలు నమ్మే లెక్క వుండాలి కదా. నాగార్జునసాగర్ మొదట 408 టి.ఎం.సి.ల జలాశయం. పూడిక చేరగా నేడు 312. శ్రీశైలం మొదట 308, నేడు 215 పైచిలుకు. రెంటిలో కలిపి 188 టి.ఎం.సి.ల చోటు మట్టి ఆక్రమించినది. అడుగున తుక్కు పేరుకొన్న వ్యాగన్‌ను పాత సామర్థ్యంతోనే బుక్ చేస్తే గమ్యంలో తూకం తగ్గుతుంది. తగ్గినది ఎవరు తిన్నారని తగవు మొదలవుతుంది. నీటి విషయంలోనూ అంతే.

పూడికను కొలవడానికి పడవలో వెళ్ళి లోతు చూసే సర్వే ప్రధానం. కాని అది ఖర్చుతో, కాలంతో కూడినది. రెండు సర్వేల మధ్య ఏళ్ళు గడిచిపోతవి. ఉపగ్రహ చిత్రాలు నీరు ఎక్కి దిగే మేరకు వున్న సామర్థ్యాన్ని తక్కువ ఖర్చుతో సరిచూడగలవు. ఎప్పుడూ నీటి కిందనే వుండే అడుగుభాగాన్ని చూడలేవు. అయినా ఒక పెద్ద ప్రయోజనం వున్నది. ఆ చిత్రం ఎడమ గట్టు ఇంజనీరుదీ కాదు, కుడి గట్టు ఇంజనీరుదీ కాదు. తగవులో ఇరువర్గాలకు చెందని రెండవ సాక్షి అది.

సాక్షి వచ్చినాడని మనిషిని తీసివేయరాదు

మిత్రులారా, ఈ ప్రసంగమంతటిలో మేము గట్టిగా చెప్పదలచిన మాట ఇప్పుడు చెబుతున్నాము.

కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పాత మనిషిని తీసివేయడం మనం చూసినదే. నీటి విషయంలో కూడా ఆ వాదన వినిపిస్తున్నది. ఉపగ్రహం వున్నది గనుక గేజి చదివే మనిషి దేనికి, బావి మట్టం కొలిచే మనిషి దేనికి అని. ఇది కార్మికునికి మాత్రమే నష్టం కాదు, శాస్త్రానికే విరుద్ధం. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. ఖాళీ సంచీ బరువు తెలియకపోతే తూకం ఎంత సున్నితమైనదైనా లోపలి సరుకు తేలదు. ఆ బరువు చెప్పేది నేలమీది మనిషి. గేజి తప్పైతే ఉపగ్రహపు లెక్కా తప్పే.

పైగా ఉపగ్రహానికి ఆయుర్దాయం వున్నది. గ్రేస్ 2017లో పని ముగించినది. దాని వారసురాలు 2018 మే 22న గాని బయలుదేరలేదు. మధ్యలో దాదాపు ఒక ఏడాది ఆ తూకం ప్రపంచానికి లేదు. ఆ ఏడాది కూడా బావులను మనుషులు కొలిచారు, వంతెనల దగ్గర మట్టాలను మనుషులు చదివారు.

రెండవ మాట, ఈ లెక్క ఎవరిది అన్నది. గ్రేస్ కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకొనే విధంగా ప్రకటించబడినవి. మన కేంద్ర జలసంఘం ముఖ్య జలాశయాల నిల్వలను వారానికొకసారి ప్రకటిస్తున్నది. ఇది మంచి ఆచారం. కాని కొన్ని సరిహద్దు నదీ పరీవాహకాల ప్రవాహ వివరాలు నేటికీ నియంత్రణలో వున్నవి. పై నుండి ఇతర దేశాల ఉపగ్రహాలు తూచగలిగిన నీటిని, ఆ నీటిని తాగే ప్రజలకు చెప్పకపోవడంలో అర్థమేమున్నది?

కావున మన సంఘాల ముందు ఈ కోర్కెలను చర్చకు పెడుతున్నాము.

ఒకటి. ప్రతి నదీ పరీవాహకానికి నేలమీది కొలతలు, ఉపగ్రహ కొలతలు పక్కపక్కన పెట్టి, తేడా వుంటే తేడాతో సహా, ప్రజల భాషలో క్రమం తప్పకుండా ప్రకటించాలి.

రెండు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా తపాలా కార్యాలయాలు వున్నవి. పదింట తొమ్మిది గ్రామీణ ప్రాంతాలలోనివే. ప్రతి గ్రామీణ తపాలా కార్యాలయం ముందు ఒక నీటి పలక వుండాలి. వూరి బావిమట్టం, మండలపు వర్షం, దగ్గరి జలాశయపు నిల్వ దానిమీద రాయాలి. ఈ పని గ్రామీణ డాక్ సేవకులకు అప్పగిస్తే దానికి తగిన పని గంటలు, తగిన ప్రతిఫలం లెక్కకట్టి ఇవ్వాలి. ప్రజాసేవ పేరుతో వుచిత చాకిరీని మేము అంగీకరించము.

మూడు. రైలు వంతెనల వద్ద, కాలువల వద్ద, బావుల వద్ద నీటిమట్టం చదివే సిబ్బందిని తగ్గించరాదు. ఖాళీలను భర్తీ చేయాలి. కాంట్రాక్టు మీద ఈ పని చేసేవారికి ఉద్యోగ భద్రత కల్పించాలి.

నాలుగు. రైల్వే, తపాలా కాలనీలలో ఎన్ని బోర్లు వున్నవో, ఎంత తోడుతున్నవో, ఎంత ఇంకుతున్నదో మన శాఖలే లెక్క తీయాలి. ఇందుకు ఎవరి వుత్తర్వుకోసం ఎదురు చూడనక్కరలేదు. ఒక తాడు, ఒక బరువు, ఒక నోటు పుస్తకం చాలు. ఇతరుల లెక్క అడిగేవాడు తన లెక్క ముందుగా గోడమీద రాసి వుంచాలి.

ఈ నాలుగవ దానిని వచ్చే వేసవికి ముందే ప్రారంభించవలసిందిగా ప్రతి శాఖను కోరుతున్నాము. వానలకు ముందు ఒకసారి, వానల తరువాత ఒకసారి కొలిచి, ఆ రెండు అంకెలను ఈ పత్రికకు పంపండి. వచ్చిన అంకెలను శాఖలవారీగా ప్రచురించే బాధ్యత మేము తీసుకొంటున్నాము.

నీటిని పంచుకొనే విషయంలో మన మధ్య అభిప్రాయభేదాలు వుండవచ్చును. నీటిని కొలిచే విషయంలో వుండనక్కరలేదు. కొలత ఒక్కటిగా, బహిరంగంగా వున్నచోట తగవు మాటలతో ముగుస్తుంది. అది లేనిచోట పోలీసులతో మొదలవుతుంది. ఈ సంగతిని మన సభ్యులకు, మన కుటుంబాలకు, మన వూళ్ళకు చెప్పవలసిన బాధ్యత మనమీద వున్నది.